“మాత్ర వేసుకున్నావా?” ఒక్కటే మాట కాకుండా: తీవ్ర మానసిక జబ్బు ఉన్న మహిళ ఇంట్లో బంధాలు నిలుపుకోవడం ఎలా

లేనివి ఉన్నట్టు అనిపించే స్కిజోఫ్రేనియా, హద్దుమీరిన హుషారుకూ దిగులుకూ మధ్య ఊగించే బైపోలార్, మనిషిని మంచం దిగనివ్వని డిప్రెషన్. వీటిలో ఏది వచ్చినా ఇంట్లో ముందు పాడయ్యేవి మాటలు. “నిద్ర పట్టిందా? మాత్ర వేసుకున్నావా? ఫోన్‌లో ఎవరు? ఎందుకలా చూస్తున్నావు?” ఇవే మిగులుతాయి. ఆరు నెలలు గడిచేసరికి ఆమెకు ఎవరూ పక్కింటి కబుర్లు చెప్పరు, పిల్లాడి మార్కుల గురించి ఆమె అభిప్రాయం అడగరు, గదికి ఏ రంగు వేయిద్దామని సంప్రదించరు. అమ్మ, భార్య, అక్క, కోడలు అనే పేర్లన్నీ పోయి ‘పేషెంటు’ అనే ఒక్క పేరు మిగులుతుంది. మందులు జబ్బును అదుపులోకి తెచ్చినా పోయిన ఆ పేర్లు వాటంతట అవి తిరిగి రావు. ఇంట్లోవాళ్లే తిరిగి ఇవ్వాలి. కింద చెప్పేవన్నీ ఆ పని కోసమే. వైద్యం డాక్టరు చూసుకుంటారు. ఆ వైద్యం నడిచే ఇల్లు ఎలా ఉండాలన్నదే ఇక్కడి విషయం.

ముందు ఒక కాగితం మీద మూడు గడులు గీయండి

జబ్బు, మందు, మనిషి. గడులకు ఈ పేర్లు పెట్టి, గత వారం ఆమె విషయంలో మీకు చిరాకు తెప్పించినవన్నీ ఏదో ఒక గడిలో రాయండి. ఎక్కడ రాయాలో తెలియనివాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, తర్వాతిసారి ఆ కాగితం డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఆమెకు తెలిసే రాయండి, వీలైతే ఆమెతో కలిసే రాయండి.

స్నానం చేయకపోవడం, పలకరిస్తే ముక్తసరిగా బదులివ్వడం, గంటల తరబడి గోడవైపు తిరిగి పడుకోవడం. చాలా ఇళ్లలో దీనికి పెట్టే పేరు బద్ధకం. స్కిజోఫ్రేనియాలో ఇవి జబ్బు లక్షణాలు. చెవిలో మాటలు వినపడటం మందుతో తగ్గినంత త్వరగా ఇవి తగ్గవు. కాబట్టి “ఇప్పుడు బాగానే ఉందిగా, పని చేయడానికి ఏం రోగం?” అనే ప్రశ్న ఇక్కడ పనికిరాదు.

పొద్దున పదింటిదాకా లేవలేకపోవడం రాత్రి మాత్ర మత్తు కావచ్చు. డాక్టరును అడిగి ఆ మాత్ర వేళను రెండు గంటలు ముందుకు జరిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఒక్కచోట కూర్చోలేక, కాళ్లు నిలవక గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండటం చూసి జబ్బు ముదిరిందనుకుంటారు, డోసు పెంచమని అడుగుతారు. అది కొన్ని మందుల దుష్ప్రభావం కావచ్చు. అలాంటప్పుడు డోసు పెంచితే బాధ ఇంకా పెరుగుతుంది. డాక్టరుతో “తిరుగుతోంది” అని ఊరుకోకండి. “కూర్చోమంటే రెండు నిమిషాలు కూడా కూర్చోలేకపోతోంది, కాళ్లలో ఏదో లాగుతున్నట్టుందంటోంది, ఫలానా మాత్ర మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి” అని చెప్పండి. ఆ తేడాతో చికిత్సే మారిపోవచ్చు.

ఆడవాళ్ల విషయంలో ఇళ్లలో గొడవలు రేపే దుష్ప్రభావం ఇంకొకటి ఉంది. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి మందులు ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతాయి. దాంతో నెలసరి ఆగిపోవచ్చు, బాలింత కాకపోయినా పాలు కారవచ్చు, శారీరక సంబంధం మీద ఆసక్తి పోవచ్చు. ఇంట్లో అది లేనిపోని అనుమానాలకు దారితీస్తుంది. ఒక రక్తపరీక్షతో తేలిపోయే విషయం ఇది. ఒక జాగ్రత్త: నెలసరి ఆగింది కదా అని గర్భం రాదనుకోకూడదు, వచ్చే అవకాశం ఉంది.

ఇక మూడో గడి. అడక్కుండా తన ఫోన్ తీసి చూసినందుకు అరవడం, వచ్చిన చుట్టాల ముందు తన జబ్బు గురించి మాట్లాడినందుకు అలగడం ఈ గడిలోకి వస్తాయి. ఆ స్థితిలో ఎవరైనా అలాగే చేస్తారు. మీ కాగితంలో ఈ గడి ఖాళీగా ఉంటే తప్పు ఆమెలో లేదు, రాసినవాళ్ల చూపులో ఉంది. మళ్లీ రాయండి.

మాటల వేడి తగ్గించడం

1950ల చివర లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆస్పత్రి నుంచి ఇళ్లకు వెళ్లిన రోగులను గమనించి ఒక చిత్రమైన సంగతి పట్టుకున్నారు. తల్లిదండ్రుల దగ్గరకో, భార్య దగ్గరకో వెళ్లినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అద్దె గదుల్లోకి, తోబుట్టువుల దగ్గరకు వెళ్లినవాళ్లు అంతకంటే బాగున్నారు. ప్రేమ తక్కువై కాదు, దగ్గరితనంలో ఉండే వేడి వల్ల. తర్వాత దాన్ని మూడు ముక్కలుగా విడదీశారు: దెప్పిపొడుపు, ద్వేషం, మితిమీరిన పట్టింపు. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ప్రచురించిన లెక్కల్లో, ఈ వేడి ఎక్కువున్న ఇళ్లకు వెళ్లిన స్కిజోఫ్రేనియా రోగుల్లో తొమ్మిది నెలల్లో 51 శాతం మందికి జబ్బు తిరగబెడితే, తక్కువున్న ఇళ్లలో 13 శాతం మందికే తిరగబెట్టింది. వేడి ఎక్కువున్న ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపినవాళ్ల పరిస్థితి అన్నిటికంటే కష్టమైంది.

దీన్ని “మీ వల్లే జబ్బు వచ్చింది” అని చదవకండి. కుటుంబం జబ్బును పుట్టించదు. కానీ తిరగబెట్టడాన్ని తగ్గించగలదు, అదీ ఈ రోజు నుంచే.

మొదటి పని ఆ 35 గంటల లెక్క వేయడం. ఒకే మనిషి, సాధారణంగా తల్లి, పొద్దున నుంచి రాత్రిదాకా ఆమెతో ఒకే గదిలో ఉంటున్నారా? అయితే రోజుకు కనీసం రెండు మూడు గంటలు ఇద్దరూ వేరువేరుగా ఉండే ఏర్పాటు చేయండి. ఆమె పగటిపూట నడిచే మానసిక ఆరోగ్య కేంద్రానికి (డే కేర్) వెళ్లొచ్చు, నడకకు వెళ్లొచ్చు, తలుపు వేసుకుని పాటలు వినొచ్చు. తల్లే బయటికి వెళ్లొచ్చు కూడా. ఇది వదిలేయడం కాదు, ఇద్దరికీ ఊపిరి ఆడటం.

రెండో పని మాట మార్చడం. “ఎప్పుడూ ఇంతే నువ్వు” అనే మాటలో చేయగలిగిన పని ఏదీ లేదు. అడగాల్సినది మూడు ముక్కల్లో అడగండి: ఏం కావాలి, ఎప్పటికి కావాలి, చేస్తే మీకెలా ఉంటుంది. “సాయంత్రం ఆరింటిలోగా నీ బట్టలు మడతపెట్టి అలమరలో పెడితే నాకు చాలా తేలికవుతుంది.” ఒకసారి చెప్పి ఆగండి. పదిహేను నిమిషాలకోసారి గుర్తుచేస్తే అది సణుగుడే. చేయకపోతే మర్నాడు పనిని సగానికి తగ్గించి అడగండి. నాలుగు జతలు మడతపెట్టినా “నాలుగు అయ్యాయి, మంచిది” అనండి. “ఇంతేనా?” అన్న మాట నాలుగు రోజుల కష్టాన్ని తుడిచేస్తుంది.

మితిమీరిన పట్టింపు గురించి ఒక మాట. ఇది ప్రేమ వేషంలో వస్తుంది కాబట్టి కనిపెట్టడం కష్టం. నలభై ఏళ్ల కూతురికి తల్లే తల దువ్వుతుంది, ఆమె బదులు డాక్టరుకు తానే సమాధానం చెబుతుంది, రాత్రి మూడుసార్లు లేచి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తుంది. ఆమెకు అందే కబురు మాత్రం ఒకటే: నువ్వు ఏదీ చేయలేవు. వారానికి ఒక పని చొప్పున తిరిగి అప్పగించడం దీనికి మందు. ముందు దువ్వెన, తర్వాత డాక్టరు దగ్గర మొదటి ఐదు నిమిషాలు, ఆ తర్వాత చిల్లర ఖర్చుల పర్సు. పని ఆమె చేతుల్లోకి వెళ్లాక వంకర టింకరగా జరుగుతుంది. దిద్దకండి.

మాత్రల పని ఎవరిది?

జవాబు: మొదట ఆమెది. ఆమె వల్ల కానప్పుడు, ఆమె ఎంచుకున్న ఒక్కరిది. నలుగురూ నాలుగుసార్లు అడిగితే ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది.

వారం రోజుల గడులున్న మాత్రల డబ్బా కొనండి. ఆదివారం సాయంత్రం ఆమె, ఆ ఒక్కరు కలిసి నింపండి. తర్వాత అడగాల్సిన పని ఉండదు, డబ్బా చూస్తే తెలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఆమె గ్లాసు పట్టుకుని నిలబడితే, మీరు నోటివైపు చూస్తూ నిలబడకండి. పక్కన కూర్చుని మీ మాత్ర, బీపీదో షుగర్‌దో, మీరూ వేసుకోండి. వేసుకునేది లేకపోతే రేపటి పనుల గురించి ఏదో ఒకటి మాట్లాడండి.

భోజనంలో కలిపి పెట్టే పని మాత్రం చేయకండి. కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది. ఒక రోజు అడుగున తెల్లటి పొడి కనపడుతుంది, లేదా రుచి తేడా తెలుస్తుంది. అంతవరకూ ‘నాకు విషం పెడుతున్నారు’ అన్నది భ్రమ. ఆ రోజు నుంచి ఆమె చేతికి సాక్ష్యం దొరికినట్టే. వండిన చేతిని, ఆ చేతి మనిషిని, చాలాసార్లు డాక్టరును కూడా ఇక నమ్మదు. పైగా ఎంత మోతాదు లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. మాత్ర అస్సలు వద్దంటే, రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ మాట ఆమెతో నేరుగా, డాక్టరు సమక్షంలో ఎత్తండి. రోజువారీ మాత్ర గొడవ పోతుందంటే ఆమే ఒప్పుకునే సందర్భాలు తక్కువేం కాదు.

ఇంట్లో తెలిసి ఉండాల్సిన కొన్ని ఖచ్చితమైన సంగతులు:

బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడుతుంటే రక్తంలో దాని స్థాయి చూడటానికి చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, కాబట్టి ఆ పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ వల్ల ఒంట్లో నీరు తగ్గితే స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లు నొప్పులని ఇంట్లోవాళ్లు ప్రేమగా ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కూడా పెంచుతాయి. చేతులు పెద్దగా వణకడం, మాట ముద్దగా రావడం, తూలిపోవడం కనిపిస్తే తర్వాతి డోసు ఇవ్వకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

వేరే మందులకు లొంగని స్కిజోఫ్రేనియాకు ఇచ్చే క్లోజపిన్ 48 గంటలకు మించి ఆగిపోతే మళ్లీ పాత డోసుతో మొదలుపెట్టకూడదు. చిన్న డోసు నుంచి పెంచుకుంటూ రావాలి, డాక్టరుకు ఫోన్ చేయండి.

ఏ యాంటీసైకోటిక్ (భ్రమలు, లేని మాటలు వినపడటం తగ్గించే మందు) వాడుతున్నా, జ్వరంతో పాటు ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, స్పృహ తేడాగా ఉంటే ఎమర్జెన్సీ. మామూలు జ్వరమని చూస్తూ కూర్చోకండి.

మందు ఆపేసిన మర్నాడు సాధారణంగా ఏమీ కనిపించదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చాలామందిలో వారాలు, నెలలు గడిచాకే తిరగబెడుతుంది. ఈలోగా మత్తు పోయి హుషారుగా కనిపిస్తుంది కాబట్టి “ఆపితేనే బాగుంది” అని ఇంటిల్లిపాదీ నమ్మేస్తారు.

ఆమె లేనిదాన్ని ఉందన్నప్పుడు

వాదించకండి, ఒప్పుకోకండి. ఈ రెంటి మధ్య దారి సన్నగా ఉంటుంది కానీ ఉంది. అక్క అంటుంది: “పైఇంటివాళ్లు గోడలోంచి నా మాటలు వింటున్నారు.” తమ్ముడు “పిచ్చి మాటలు మానెయ్” అంటే ఆమె ఆ మాటలు మానదు, తమ్ముడికి చెప్పడం మానేస్తుంది. “అవునక్కా, వాళ్ల సంగతి చూస్తా” అంటే భ్రమకు ఇంకో సాక్షి దొరికినట్టు. ఇలా అనొచ్చు: “అంత భయంగా ఉంటే రాత్రి నిద్ర పట్టి ఉండదు కదక్కా. నాకైతే ఏమీ తెలియలేదు. నీ భయం మాత్రం నిజం. ఇవాళ ఆ గదిలో పడుకుంటావా, ఇటు పక్క గదికి వస్తావా?”

ఇందులో నాలుగు పనులు జరిగాయి. భయాన్ని గుర్తించారు, తన అనుభవం వేరని నెమ్మదిగా చెప్పారు, అబద్ధం ఆడలేదు, చివరికి ఆమె చేతికి ఒక ఎంపిక ఇచ్చారు. రెండు మూడు వాక్యాలు చాలు. పది నిమిషాలు దాటితే మీరు ఎంత మెత్తగా మాట్లాడినా అది వాదనే.

భర్త మీద అనుమానం భ్రమగా మారినప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ఫోన్ చూపించి, జేబులు చూపించి నిరూపించుకోవాలనిపిస్తుంది. ఇవాళ ఫోన్ చూపిస్తే రేపు ‘చెరిపేశావు’ అంటుంది, ఎందుకంటే భ్రమకు రుజువుతో పని లేదు. “నీకలా అనిపించడం ఎంత బాధో నాకు తెలుసు. నేను అలాంటిదేమీ చేయలేదు. దీని గురించి శనివారం డాక్టరుతో కలిసి మాట్లాడదాం” అని ఒక్కసారి చెప్పి, మామూలు పనిలోకి వెళ్లండి. ఇల్లు వదిలి వెళ్లడం, రాత్రిళ్లు బయట గడపడం ఆ సమయంలో పనికిరావు.

భార్యాభర్తల మధ్య

జబ్బు వచ్చాక చాలా జంటలు నర్సు, రోగి అయిపోతారు. దాన్ని వెనక్కి తిప్పడానికి ఖర్చులేని పద్ధతి: వారంలో ఒక గంట జబ్బు మాట నిషేధం. ఆ గంటలో ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో ఒక వారం ఆమె, ఒక వారం ఆయన తేల్చాలి.

శారీరక సంబంధం తగ్గిపోతే మౌనంగా ఊరుకోకండి, ఎత్తిపొడవకండి. డిప్రెషన్ మందుల్లో చాలావరకు, ప్రొలాక్టిన్ పెంచేవన్నీ దీనికి కారణం కావచ్చు, మందు మార్చి చూసే వీలుంటుంది. ఈ కారణం బయటికి చెప్పుకోలేక ఆమె తనంతట తాను మందు ఆపేసే ప్రమాదం ఉంది. డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గయితే కాగితం మీద రాసి ఇవ్వండి.

పిల్లల్ని కనాలనుకుంటే, లేదా గర్భం రాగల వయసులో ఉంటే, మందుల చీటీలో బైపోలార్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ ఉందేమో ఈ రోజే చూడండి. గర్భంలో ఈ మందు పడిన శిశువుల్లో ప్రతి 10 మందిలో ఒకరికి పుట్టుకతో అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదలలో ఇబ్బందులు వస్తాయి. ఉందని తెలిసి కంగారుపడి ఆపకండి, హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టరును కలిసి వేరే మందుకు మారాలి, గర్భానికి ముందే. బైపోలార్‌కే ఇచ్చే ఇంకో మందు కార్బమజెపైన్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు, ఇంకో పద్ధతి అడగండి.

“పిల్లలకూ వస్తుందా?” తల్లికి స్కిజోఫ్రేనియా ఉంటే బిడ్డకు అదే జబ్బు వచ్చే అవకాశం సుమారు 10 శాతం, జనంలో అది 1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంటే పది మందిలో తొమ్మిది మందికి రాదు. ఈ లెక్కను ఆమెకు తెలియకుండా ఇంట్లోవాళ్లు చర్చించి తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. పిల్లలు కావాలా వద్దా అన్నది ఆమె ఉన్న గదిలోనే జరగాల్సిన మాట.

బిడ్డ పుట్టాక మొదటి రెండు వారాలు

ఈ భాగాన్ని ప్రసవానికి మూడు నెలల ముందే చదివి ఏర్పాట్లు చేసుకోవాలి. ప్రసవం తర్వాత వచ్చే సైకోసిస్ (నిజానికీ భ్రమకూ తేడా తెలియని తీవ్ర స్థితి) మామూలుగా 1,000 కాన్పుల్లో ఒకటి రెండింటిలో వస్తుంది. బైపోలార్ ఉన్న తల్లుల్లో మాత్రం సుమారు ఐదుగురిలో ఒకరికి. చాలావరకు మొదటి రెండు వారాల్లోనే, కొన్నిసార్లు రెండు మూడు రోజుల్లోనే మొదలవుతుంది. బిడ్డ నిద్రపోతున్నా ఆమెకు నిద్ర పట్టకపోవడం, ఆగకుండా మాట్లాడటం, గంటకో రకంగా మారడం, అయోమయం, బిడ్డ గురించి వింత నమ్మకాలు (వీడు నా బిడ్డ కాదు, వీడిలో ఏదో శక్తి ఉంది) కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఆమెను, బిడ్డను ఇద్దరినే వదలకుండా అప్పుడే ఆస్పత్రికి బయలుదేరండి.

ముందస్తు ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది నిద్ర. రాత్రి 10 నుంచి 4 దాకా బిడ్డ పని ఇంకొకరిది. పిండిన పాలో, డబ్బా పాలో డాక్టరుతో ముందే తేల్చుకోండి. “తల్లి అన్నాక రాత్రిళ్లు లేవాలి” అనే పెద్దవాళ్లకు డాక్టరు నోటితోనే చెప్పించండి, మీ మాట వినకపోవచ్చు.

ఆమె కొంత కోలుకున్నాక బిడ్డను పూర్తిగా వేరేవాళ్లకు అప్పగించి కూర్చోకండి. మొదట పక్కన ఒకరుండగా పదిహేను నిమిషాలు ఎత్తుకోవడం, తర్వాత స్నానం, తర్వాత ఒక పూట. ఇలా మెట్లుగా పెంచండి. బిడ్డ ఏడవగానే చేతుల్లోంచి లాక్కోకండి. ఒక నిమిషం ఆగి చూడండి, సముదాయించడం ఆమెకు వచ్చి ఉండొచ్చు.

పెద్ద పిల్లలకు ఏం చెప్పాలి

ఏమీ చెప్పకపోతే పిల్లలు తామే ఒక కథ అల్లుకుంటారు, అందులో తప్పు వాళ్లదే అవుతుంది. ఏ వయసుకైనా నాలుగు మాటలు తప్పనిసరి: ఇది జబ్బు, నీ వల్ల రాలేదు, దీన్ని నువ్వు నయం చేయనక్కర్లేదు, భయమేస్తే ఫలానా వాళ్లకు చెప్పు. ఆ ‘ఫలానా’ చోట పిన్నినో బాబాయినో నిజంగా ఒక మనిషిని, ఒక ఫోన్ నంబరును పెట్టండి. నంబరు పిల్లాడికి కంఠతా రావాలి.

ఐదేళ్ల పాపకు “అమ్మ మెదడుకు జబ్బు చేసింది, అందుకే ఎక్కువ నిద్రపోతోంది, నీ మీద కోపం కాదు” చాలు. పదేళ్లవాడు పేరు అడుగుతాడు, చెప్పండి. పదిహేనేళ్ల అమ్మాయికి అసలు భయం వేరే ఉంటుంది: రేపు నాక్కూడా వస్తుందేమో అని. పైన చెప్పిన లెక్కే చెప్పి, గంజాయి లాంటి మత్తుపదార్థాల జోలికి వెళ్లకపోవడం ఈ ఇంటి పిల్లలకు మరీ ముఖ్యమని కూడా చెప్పండి. ఇంటి పని, తమ్ముడి చదువు, అమ్మ మాత్రలు అన్నీ ఆ అమ్మాయి భుజాల మీదే పడ్డాయేమో ఒకసారి లెక్క చూసుకోండి. బుద్ధిమంతురాలని మెచ్చుకుంటూ బాల్యం లాగేసుకోవడం ఈ ఇళ్లలో తరచూ జరిగే పని.

ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో పిల్లలతో రోజూ ఒక వేళకు ఫోన్, ఐదు నిమిషాలైనా సరే. ఆమె మాట్లాడలేని స్థితిలో ఉంటే పిల్లలు గీసిన బొమ్మ పంపండి. ఇంటికొచ్చాక పిల్లల బడి సంతకాలు మళ్లీ ఆమె చేతే పెట్టించండి.

పనుల పంపకం

పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు అంతా ఒక్కసారి కూర్చుని తేల్చుకోవాలి, ఆమె కూడా ఆ గదిలో ఉండాలి. మాత్రలు చూసేవాళ్లు, డబ్బు చూసేవాళ్లు, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లేవాళ్లు, సరదాకు తోడుండేవాళ్లు వేరువేరు మనుషులైతే మంచిది. మాత్ర గొడవ పడ్డవాళ్లే డబ్బు కూడా ఆపితే, ఆమెకు ఇంట్లో మిత్రులు ఉండరు. సరదాకు తోడుండే మనిషి జబ్బు ఊసు ఎత్తకూడదు. ఇది చెల్లెలికో, ఆడపడుచుకో, స్నేహితురాలికో బాగా నప్పుతుంది. దూరంగా ఉన్న అన్న నెలకోసారి ఫోన్ చేసి సలహాలివ్వడం పని కిందకు రాదు. ఏడాదిలో రెండు వారాలు వచ్చి తల్లికి సెలవు ఇస్తే అది పని.

తిరగబెట్టే ముందు కనిపించేవి

ప్రతి మనిషికీ ఒక సొంత వరస ఉంటుంది, ఒక్కోసారి రెండు నుంచి నాలుగు వారాల ముందే మొదలవుతుంది. ఒకరు నిద్ర నాలుగు గంటలకు తగ్గి రాత్రిళ్లు అలమరలు సర్దుతారు. ఒకరు ఫోన్ కెమెరాకు కాగితం అంటిస్తారు. ఒకరు స్నేహితులకు బదులివ్వడం మానేస్తారు. ఆమె బాగున్న రోజు చూసి, పోయినసారి ఏమేం ముందు వచ్చాయో ఆమెనే అడిగి ఒక పేజీ రాయించండి. కింద ఆమె చేతిరాతలోనే: ఈ సూచనల్లో రెండు కనిపిస్తే ఎవరు చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి, ఏ డాక్టరుకు ఫోన్ చేయాలి, ఆస్పత్రి తప్పకపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, తన ఫోన్, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి. సంతకం ఆమెది. ఆ రోజు వచ్చినప్పుడు మీరు మీ మాట చెప్పడం లేదు, ఆమె మాటే ఆమెకు చదివి వినిపిస్తున్నారు. అప్పుడు కూడా కోపం వస్తుంది, కానీ తర్వాత మిగిలే పగ తక్కువ.

అదే పేజీ వెనక నెలసరి తేదీలు కూడా రాయండి. కొందరికి నెలసరి ముందు రోజుల్లో లక్షణాలు పెరుగుతాయి. నలభై ఐదు దాటాక, నెలసరి ఆగే కాలంలో, ఏళ్లుగా నిలకడగా ఉన్న మనిషికి కూడా మళ్లీ అలజడి మొదలుకావచ్చు. డాక్టరుకు ఈ తేదీలు పనికొస్తాయి.

రెండు విషయాల్లో ఆలస్యం వద్దు

చావు మాట. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారం, ఆ తర్వాత మొదటి మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలి. డిప్రెషన్ మందు మొదలైన తొలి వారాల్లో దిగులు తగ్గకముందే ఒంట్లో శక్తి రావచ్చు, అది కూడా ప్రమాదమే. నేరుగా అడగండి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించావా?” అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు వైద్యం అందేలా చూడండి. ఇంట్లో వారానికి మించి మాత్రలు ఉంచకండి, పురుగుమందులు ఇంట్లోంచే తీసేయండి.

దెబ్బల మాట. జబ్బు ఉన్న మహిళలు ఇంట్లో హింసకు గురయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. చెప్పినా ‘దానికి మతి సరిగా లేదు’ అని కొట్టిపారేస్తారు, కొట్టేవాళ్లకు అదే అండ. “ఆయన కొట్టాడు” అని ఆమె అంటే ముందు నిజమని తీసుకోండి. ఆయన లేనప్పుడు విడిగా మాట్లాడండి, ఒంటి మీద గుర్తులు చూడండి, డాక్టరును ఆమెతో ఒంటరిగా మాట్లాడమని అడగండి. భ్రమ అయితే నెమ్మదిగా తేలుతుంది. నిజమైతే ఆమె మాట నమ్మిన మొదటి మనిషి మీరే కావచ్చు.

ఉధృతి తగ్గాక మరమ్మతు

మేనియాలో (బైపోలార్‌లో హుషారు హద్దుమీరే దశ) అప్పులు చేసి ఉండొచ్చు, అత్తగారిని నలుగురిలో అనరాని మాట అని ఉండొచ్చు. తగ్గాక అదంతా గుర్తొస్తుంది, సిగ్గుతో ముడుచుకుపోతుంది. ఆ సిగ్గు మీదే డిప్రెషన్ వచ్చి కూర్చుంటుంది. మొదటి మూడు నాలుగు వారాలు ఆ సంగతులు ఎత్తకండి. తర్వాత, ఒకసారికి ఒక్క సంఘటనే, ఇరవై నిమిషాలకు మించకుండా మాట్లాడండి. మీకు తగిలిన బాధ దాచుకోనక్కర్లేదు: “ఆ రోజు నువ్వన్న మాట నాకు గుచ్చుకుంది. అప్పుడు నువ్వు బాగాలేవని తెలుసు. అయినా చెప్పాలనిపించింది.” ఆమె క్షమాపణ చెబితే తీసుకోండి. తీసుకున్నాక ఇంకో గొడవలో దాన్ని బయటికి లాగకూడదు, ఎంత నోటిదాకా వచ్చినా.

డబ్బు విషయంలో ఒక జాబితా రాయండి: ఎవరికి ఎంత, తిరిగిచ్చే వస్తువులేవి, నెలకు ఎంత తీర్చాలి. అందులో చిన్న భాగమైనా ఆమె చేతి మీదుగా తీరనివ్వండి. షాపుకు వెళ్లి వస్తువు వెనక్కి ఇచ్చే పనికి తోడు వెళ్లండి, కౌంటరు దగ్గర మాత్రం ఆమెనే మాట్లాడనివ్వండి. తీరిన ప్రతి వరస మీద ఆమే గీత కొట్టాలి. చివరి గీత పడ్డాక ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చేయండి, ఏం చేయాలో ఆమె ఇష్టం.